నెయ్యి తగలని గుమ్మడికాయ

మా ఇంట్లో నా అవసరం ఏడాదికి రెండు మూడు సార్లు పడుతుంది. అందులో ఒకటి గుమ్మడికాయ కోసేటప్పుడు. మా వైపు ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయకి మొదటి కత్తి పెట్టరు. ఎవడో ఒక మగవాడు వచ్చి ఒక వేటు వెయ్యాలి. ఆ తరవాత వాళ్ళే చూసుకుంటారు. ఎందుకలా అని మా ఆవిడని అడిగితే మా అమ్మ చెప్పింది అంటుంది. మా అత్తగారిని అడిగితే ఆవిడ వాళ్ళమ్మ మీదకి తోసింది. అలా వెనక్కి వెళ్ళగా వెళ్ళగా ఎక్కడో నాలాంటి మగాడొకడు, ఇంట్లో తన ఉద్యోగం ఊడిపోకుండా ఈ ఆచారం పెట్టుకుని ఉంటాడని నా అనుమానం.

మాది రావులపాలేనికి కూతవేటు దూరం. ఏడో తరగతితో చదువు ఆపేశాను. నేనే బడిని వదిలేశానని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను గానీ, మా లెక్కల మాస్టారిని అడిగితే ఇంకోలా చెబుతారు. అప్పటినుంచీ అరటి మార్కెట్టే నా కాలేజీ. గెలలు భుజాన మోసి లారీకెక్కించాను. ఇప్పుడు మొయ్యలేను కాబట్టి గెల చూసి ఎన్ని రోజుల్లో పండుతుందో చెబుతాను. ఇప్పటిదాకా గెలల విషయంలో పెద్దగా తప్పు పోలేదు. తప్పు పోయింది గుమ్మడికాయ దగ్గర. అది చెప్పడానికే ఇదంతా.

మా అమ్మాయి కాపురం రాజమండ్రిలో. దానికి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి పాలు పడవు. పడవంటే కడుపు నొప్పి, అజీర్తి లాంటివి కావు. మూడో ఏట ఒక పెళ్ళిలో ఎవరో ముద్దు కొద్దీ చెంచాడు పాయసం నోట్లో పెట్టారు. పది నిమిషాల్లో పెదాలు వాచిపోయాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందలేదు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే. ఆ దారి గురించి నేనెప్పుడూ జోకు వెయ్యలేదు, వెయ్యను కూడా. పాలు, పెరుగు, వెన్న ఏదీ తగలకూడదు, నేతిలో కూడా పాల అంశ ఉంటుంది, చెంచా చివర అంటుకున్నది కూడా వద్దు అన్నారు డాక్టరుగారు.

అప్పటినుంచీ ఆ పిల్ల ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పేరంటానికెళ్ళినా చేతిలో చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. అందరూ విస్తరి ముందు కూర్చుంటే తను డబ్బా మూత తీసుకుంటుంది. పుట్టినరోజు ఇంకా చిత్రం. కేకు తనే కొయ్యాలి, ముక్కలు తనే అందరి నోట్లో పెట్టాలి. తిరిగి ఎవరూ తన నోట్లో పెట్టరు. పోయినేడు నేను అలవాటు కొద్దీ ఒక ముక్క తీసి పిల్ల నోటి దగ్గరకి తీసుకెళ్ళాను. మా అమ్మాయి గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నాకు ఇంకా గుర్తుంది. పిల్ల మాత్రం నెమ్మదిగా తన డబ్బా తెరుచుకుని బిస్కెట్టు కొరికింది.

మర్నాడు అడిగింది నన్ను.

"తాతా, నా కేకు అందరూ తింటారు కదా. నేనెప్పుడు తింటాను?"

నాకు మాట తోచకపోవడం మా వీధిలో వార్త. ఆ రోజు తోచలేదు. పిల్లని దగ్గరకి తీసుకుని, "వచ్చే పుట్టినరోజు మా ఇంట్లో చేద్దాం అమ్మడూ. నువ్వు తినేదే అందరూ తింటారు. నీకొకటి, మాకొకటి ఉండదు" అన్నాను. పిల్ల నా మొహం కేసి చూసి, "ప్రామిస్సా, జోకా?" అంది. ఏడేళ్ళన్నా నిండని పిల్లకి కూడా నా మీద అంత నమ్మకం.

ఏడాది గడిచేసరికి మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో పంపింది. ఎక్కడో విదేశంలో ఒకావిడ గుమ్మడికాయతో మిఠాయి చేస్తోంది. వీగన్ అట, అంటే పాలు, నెయ్యి, పెరుగు ఏవీ ఉండవట. పైగా నో బేక్, ఓవెన్ అక్కర్లేదట. మా ఇంట్లో ఓవెన్ ఎప్పుడూ లేదు కాబట్టి పెళ్ళయినప్పటినుంచీ మా ఆవిడ వండినవన్నీ నో బేకే, అది మాకు కొత్త కాదు. ఆ వీడియోలో ఆవిడ గుమ్మడికాయ గుజ్జుని రేకు డబ్బాలోంచి తీసింది.

"పాపం, వాళ్ళకి పాదు లేదు కాబోలు" అంది మా ఆవిడ.

"మొదటి వేటు వెయ్యడానికి మొగుడు కూడా ఉండి ఉండడు" అన్నాను.

"ఉండే ఉంటాడు లెండి. గదిలో కూర్చుని జోకులేస్తూ ఉంటాడు."

వీడియో నాలుగుసార్లు చూసి మా ఆవిడ దాన్ని మా ఊరి భాషలోకి తెచ్చేసింది. డబ్బా గుజ్జు బదులు ఇడ్లీ పాత్రలో ఉడికించిన తీపి గుమ్మడి. క్రీము బదులు చిక్కటి కొబ్బరి పాలు, నానబెట్టి రుబ్బిన జీడిపప్పు. వాళ్ళ సిరప్పు బదులు బెల్లం. గడ్డకట్టడానికి చైనా గ్రాసు. అడుగున బిస్కెట్టు పొడి బదులు వేయించిన వేరుశనగపప్పు, ఖర్జూరం కలిపి దంచిన ముద్ద. ఆత్రేయపురం పూతరేకులు తింటూ పెరిగిన మనిషి నెయ్యి లేకుండా మిఠాయి చెయ్యడానికి సిద్ధపడిందంటే, అది మనవరాలి మీద ప్రేమ తప్ప ఇంకోటి కాదు.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. మా అమ్మాయి, మనవరాలు సాయంత్రం ఆరింటికి వస్తామన్నారు. నేను ముందురోజే మార్కెట్‌కి గెలలు తెచ్చే రైతు దగ్గర మంచి గుమ్మడికాయ తెచ్చాను. ఆయన పాక మీద కాసిందది. రెండు చేతులా ఎత్తుకుంటే గానీ లేవలేదు. మా ఆవిడ గిన్నెలు, గరిటెలు, మిక్సీ జార్లు వేడినీళ్ళతో, సబ్బుతో రెండేసిసార్లు తోమింది. నా వంతుగా నేను నేతి డబ్బాని తీసుకెళ్ళి బీరువా మీద పెట్టాను.

"అదెందుకండీ అక్కడ?"

"నీ చెయ్యి నాకు తెలుసు. యాలకుల పొడి వెయ్యగానే దానంతటదే నేతి డబ్బా వైపు వెళ్తుంది. నువ్వు ఆపలేవు. అందుకని నేను ఆపాను."

మా ఆవిడ ఏమీ అనలేదు. అన్నట్టు చూసింది.

పొద్దున్నే స్నానం చేసి, ఉద్యోగ బాధ్యతగా గుమ్మడికాయకి మొదటి వేటు వేశాను. లోపల పసుపు, కాషాయం కలిసిన రంగు. మా వీధిలో ఇంకో పద్ధతి ఉంది. నిండు గుమ్మడికాయ కోస్తే ఒక్క ఇంట్లోనే ఉంచుకోరు, చుట్టుపక్కల ముక్కలు పంచాలి. మా వంటకి కావలసినంత ఉంచుకుని, మిగిలినది మూడు పెద్ద ముక్కలు చేసి నేనే పట్టుకెళ్ళాను. ఎదురింట్లో ఒకటి, వాళ్ళ పక్కింట్లో ఒకటి, చివరింటి పిన్నిగారికి ఒకటి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, మా ఇంట్లో ఇవాళ వీగన్ అని, మా ఆవిడ నెయ్యి వెయ్యకుండా నేను కాపలా కాస్తున్నానని చెప్పుకుంటూ వెళ్ళాను. పిన్నిగారు డెబ్బై దాటిన మనిషి, నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగున్నావిడ. "నీకెవరు కాపలా అబ్బాయ్?" అంది. నవ్వేసి వచ్చేశాను.

పదకొండున్నరకల్లా అంతా తయారైంది. ఉడికిన గుమ్మడిని గుడ్డలో వేసి పిండి, బెల్లం పాకంలో కలిపి, కొబ్బరి పాలు పోసి, కరిగించిన చైనా గ్రాసు కలిపింది మా ఆవిడ. యాలకుల పొడి, కాస్త శొంఠి. నిజంగానే ఆ టైములో దాని చెయ్యి గట్టు మీద ఏదో వెతికింది. నేను గొంతు సవరించుకున్నాను. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

"ట్రే సంగతి నాకు వదిలెయ్" అన్నాను. మా అమ్మ మిఠాయిలు చేసే రోజుల్లో పళ్ళెం సిద్ధం చేసే పని నాదే. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. ట్రే తయారుచేసి ఇచ్చాను. అడుగున ఖర్జూరం ముద్ద పరిచి, మీద గుమ్మడి మిశ్రమం పోసి, ఫ్రిజ్‌లో పెట్టాం. తలుపు వేసేముందు ఇద్దరం వంగి చూశాం. అద్దంలా ఉంది. మా ఆవిడ పెళ్ళినాటి ఫొటోలో కూడా అంత సంతోషంగా లేదు.

భోంచేసి, నడుం వాల్చి, రెండింటికి లేచాను. అలవాటుగా మీసం సవరించుకున్నాను. వేళ్ళకి నేతి వాసన వచ్చింది.

అన్నంలో వేసుకున్నానేమో అనుకున్నాను. లేదు, ఆ పూట మజ్జిగ కూడా వద్దనుకుని చారుతో తిన్నాం. మరి ఎక్కడిదా అని ఆలోచిస్తూ వంటింట్లోకి వెళ్ళాను. బీరువా మీద డబ్బా ఎక్కడిదక్కడే ఉంది. భోజనాల బల్ల మీద, పచ్చడి జాడీల వెనకాల, రోజూ అన్నంలోకి వేసుకునే చిన్న నేతి గిన్నె ఉంది. దాన్ని ఎత్తిపెట్టడం నాకు తట్టలేదు. అందులో మడిచిన అరటాకు ముక్క ఒకటి, సగం మునిగి ఉంది.

అరటాకు ముక్క మడిచి, నేతిలో ముంచి, పళ్ళేనికి గుండ్రంగా రాయడం. మా అమ్మ నాకు నేర్పిన ఒకే ఒక్క వంటింటి పని. మాటల్లో ఉండి, కాపలా కాస్తూ, చేత్తో ఆ పని చేసేశాను. చెయ్యి తన డ్యూటీ తను చేసుకుపోయింది. నాకు చెప్పలేదు.

అక్కడ నిలబడి నేను ఏం ఆలోచించానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. నెయ్యి రాసింది అడుగున, పైభాగం తీసి పిల్లకి పెడితే ఏమవుతుంది అనుకున్నాను. కొంచెమే కదా అనుకున్నాను. పొద్దుటినుంచీ మా ఆవిణ్ణి ఆటపట్టించినదంతా ఎలా మింగాలి అని కూడా అనుకున్నాను. ఇదంతా ఒక్క నిమిషం. ఆ తరవాత ఆసుపత్రి దారిలో నా ఒళ్ళో ఉన్న పిల్ల ఊపిరి చప్పుడు గుర్తొచ్చింది.

మా ఆవిడ వెనక వరండాలో వత్తులు చేసుకుంటోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ట్రేకి నెయ్యి రాశాను."

"జోకా?"

"కాదు."

దాని చేతిలో దూది అలాగే ఉండిపోయింది. నేను తిడుతుందనుకున్నాను. కనీసం బీరువా మీద డబ్బా సంగతైనా ఎత్తుతుందనుకున్నాను. లేచి, ఫ్రిజ్ తెరిచి, ట్రే చూసి, గడియారం చూసింది.

"గుమ్మడికాయ ఎంత మిగిలింది?"

"మన దగ్గర ఏమీ లేదు. పంచేశాను."

"వెళ్ళి తీసుకురండి మరి."

కూరగాయల కొట్లు మళ్ళీ ఐదింటికి గానీ తెరవరు. అప్పుడు తెచ్చి చేస్తే గడ్డకట్టడానికి టైము చాలదు. కాబట్టి, పొద్దున్న నవ్వుకుంటూ పంచినవాణ్ణి మధ్యాహ్నం అదే గుమ్మాల దగ్గరకి తిరిగి బయల్దేరాను. ఎదురింట్లో మా ముక్క అప్పటికే పులుసై, పులుసు భోజనాలై పోయింది. గిన్నె అడుగు చూపించి మరీ చెప్పారు. వాళ్ళ పక్కింటివాళ్ళు ముక్కని అమలాపురం వెళ్ళే ఆడపడుచు సంచీలో పెట్టి బస్సెక్కించేశారు. ఇక మిగిలింది పిన్నిగారు.

పిన్నిగారు అరుగు మీద కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. నేతి గిన్నె, అరటాకు, మీసం, దాచకుండా మొత్తం.

ఆవిడ మొత్తం విని, "ఇచ్చిన గుమ్మడికాయ ముక్క వెనక్కి అడిగిన మగాణ్ణి ఈ వీధిలో మొదటిసారి చూస్తున్నాను" అంది.

"ఉందా పిన్నిగారూ?"

"ఉంది. రేపు దప్పళం పెడదామని గంప కింద పెట్టాను. నువ్వు పొద్దున్న వాగిన వాగుడుకి, ఈ ముక్కతో నీకేదో పని పడుతుందనిపించింది."

ముక్క నా చేతికివ్వలేదు. తనే చంకలో పెట్టుకుని నా ముందు నడిచింది. మా వంటింట్లోకి వచ్చి, ముందుగా నెయ్యి తగిలిన ట్రేని ఫ్రిజ్‌లోంచి తీయించి తన ఇంటికి పంపించేసింది. తరవాత మా ఆవిడతో, "ఏమ్మా, మీ ఇంట్లో నెయ్యి ఎరగని పళ్ళెం ఏదైనా ఉందా?" అని అడిగింది.

మా ఆవిడ ఆలోచించింది. మా ఇంట్లో పళ్ళేలన్నీ పెళ్ళినాటివి. ముప్పై ఏళ్ళ నెయ్యి వాటి అంచుల్లో ఉంటుంది.

అప్పుడు నాకు నా కాలేజీ చదువు పనికొచ్చింది. పెరట్లోకి వెళ్ళి రెండు లేత అరటాకులు కోసుకొచ్చాను. నీళ్ళతో కడిగి, పొయ్యి మంట మీద అటూ ఇటూ తిప్పి వాడ్చాను. వాడ్చిన ఆకు చిరగదు, చెప్పినట్టు వింటుంది. ముక్కలు చేసి, కొత్త చీపురు ఈనెలు కడిగి, వాటితో గుచ్చి చిన్న చిన్న దొన్నెలు కుట్టాను. ఆకుకి మిఠాయి అంటుకోదు, నెయ్యి అక్కర్లేదు. పైగా చిన్నవి తొందరగా గడ్డకడతాయి. ట్రేని తయారుచేసిన చెయ్యి కాదిది, వేరే చెయ్యి అనిపించేదాకా, ఆకు కొయ్యకముందే మా ఆవిడ నా వేళ్ళు సబ్బుతో మూడుసార్లు కడిగించింది. నా మీసం కూడా కడిగించింది.

గిన్నెలు, గరిటెలు మళ్ళీ వేడినీళ్ళతో తోమారు. జీడిపప్పు అయిపోయింది. కొబ్బరి పాలే ఇంకా చిక్కగా తీశారు. ఖర్జూరం గుప్పెడే మిగిలింది, వేరుశనగపప్పు, బెల్లం ఎక్కువ వేసి సరిపెట్టారు. ఈసారి నేను ఏ కాపలా కాయలేదు. ఓ పక్కన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. నాలుగు కాకుండానే పదహారు దొన్నెలు ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి.

ఆరుంబావుకి మా అమ్మాయి, మనవరాలు దిగారు. పిల్ల కొత్త గౌను, ఒక చేతిలో తల్లి చెయ్యి, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. పిల్లని పిన్నిగారి దగ్గర కూర్చోబెట్టి, మా అమ్మాయిని వంటింట్లోకి పిలిచి అంతా చెప్పాను. చెప్పకపోయినా దానికి తెలియదు. కానీ పిల్లకి పెట్టాలా వద్దా అన్నది అది తేల్చాలి, నేను కాదు. మా అమ్మాయి బెల్లం ప్యాకెట్టు, చైనా గ్రాసు ప్యాకెట్టు తెచ్చి చదివింది. మిక్సీ జారు వాసన చూసింది. ఫ్రిజ్‌లో అర చూసింది. చివరికి నన్ను చూసింది.

"చేతులేవి నాన్నా?"

చాపాను. అరిచేతులు తిప్పి తిప్పి చూసి, "పెడదాం" అంది. ఎందుకైనా మంచిదని హ్యాండ్‌బ్యాగులో మందు ఎక్కడుందో కూడా మా అందరికీ చూపించింది.

పదహారు దొన్నెల్లో ఒకదాని మీద కొవ్వొత్తి గుచ్చాం. ఎదురింటివాళ్ళు, వాళ్ళ పక్కింటివాళ్ళు, పిన్నిగారు, అందరి చేతుల్లో తలో దొన్నె. పిల్ల కొవ్వొత్తి ఊదకుండా ముందు అందరి చేతులూ వరసగా చూసుకుంటూ వచ్చింది. లాయరులా ఒక్కొక్కరి దొన్నెలోకి తొంగి చూసింది. తన దొన్నె, మిగతా పదిహేను దొన్నెలు ఒకటే అని తేల్చుకున్నాక ఊదింది. చెంచాతో ఒక ముక్క తీసి ముందు నా నోట్లో పెట్టింది. తరవాత నోరు తెరిచి నిలబడింది.

నేను వెంటనే పెట్టలేదు. మా అమ్మాయి వైపు చూశాను. ఈసారి నా మణికట్టు పట్టుకోలేదు. తల ఊపింది. పెట్టాను.

పిల్ల నెమ్మదిగా నమిలింది. పది నిమిషాలు అందరం దాని పెదాలే చూస్తూ ఉన్నాం. పిన్నిగారైతే కళ్ళజోడు తెచ్చుకుంది.

"తాతా, ఏంటి అందరూ నా మూతి చూస్తున్నారు?" అంది పిల్ల.

"ఎక్కడైనా అంటుకుందేమోనని అమ్మడూ."

"అంటుకుంటే నేను తుడుచుకుంటాను. మీరు తినండి."

తిన్నాం. మా ఆవిడ రెండు దొన్నెలు తింది. పిల్ల మూడు తిని, నాలుగోది తండ్రి కోసమని పక్కన పెట్టించి, అది కూడా సగం తినేసింది. ఇంతకీ శొంఠి కాస్త ఎక్కువైంది. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. ఆ రోజుకి నా కోటా అయిపోయింది.

వాళ్ళు వెళ్ళిపోయాక మా ఆవిడ దొన్నెలు ఏరుతుంటే సోఫా మూల స్టీలు డబ్బా దొరికింది. నాలుగేళ్ళలో పిల్ల ఆ డబ్బా ఎక్కడా మర్చిపోలేదు. ఫోన్ చేస్తే మా అమ్మాయి, "అయ్యో, అక్కడే ఉందా? రేపు స్కూలుకి కావాలి నాన్నా, ఎవరిచేతైనా పంపండి" అంది. వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది. "రేపొద్దు, అమ్మా. తాతని తర్వాత తెమ్మను."

మూత తీశాను. వాళ్ళమ్మ సర్దిన బిస్కెట్లు నాలుగూ అలాగే ఉన్నాయి. ఒకటి కొరికాను. మట్టిపెళ్ళలా ఉంది. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని పుట్టినరోజులు, లడ్డూల మధ్య కూర్చుని ఈ పిల్ల ఇవి తిన్నదో అనుకుంటూ మొత్తం నమిలి మింగాను.

"ఎలా ఉంది?" అంది మా ఆవిడ.

"నువ్వు కూడా ఒకటి తిను" అన్నాను. తింది. మిగిలిన రెండూ తీసి పక్కన పెట్టింది. తరవాత డబ్బా కడిగి, తుడిచి, గుమ్మడికాయలోంచి తీసి ఆరబెట్టిన గింజలు గుప్పెడు అందులో పోసి మూత పెట్టింది.

"పెరట్లో గోడ పక్కన ఖాళీయేగా" అంది. "రేపు మీరే గుంటలు తియ్యండి. అది మగాళ్ళ పనే."

అలాంటి ఆచారం ఎక్కడా లేదు. ఇప్పుడే పెట్టింది.